ఎవరిని చూసి లేచినట్టు

ఉద్యోగ జ్ఞాపకాలు రాయాలంటే తల నెరిసి ఉండాలని మనవాళ్ళలో ఒక అభిప్రాయం. నాకింకా నెరవలేదు. ఉద్యోగం మాత్రం అయిపోయింది. డిగ్రీ కాగానే చేరాను, పాప కడుపున పడ్డాక మానేశాను. అంటే ఇరవై ఏడేళ్ళకే విశ్రాంత ఉద్యోగిని. విశ్రాంతి ఎంత దొరుకుతోందో, ఇల్లంతా పడుకున్నాక కాగితాలు ముందేసుకుని కూర్చోవడంలోనే తెలుస్తోంది.

పాపకి పదకొండో నెల. వారం రోజులుగా మంచం పట్టె పట్టుకుని లేచి నిలబడుతోంది. అది లేచినప్పుడల్లా నాకు పై ప్రాణాలు పైనే పోతున్నాయి. మంచం చుట్టూ ఇంట్లో ఉన్న దిండ్లన్నీ పేర్చాను. మా అత్తగారు చూసి, "ఏందమ్మా ఇది, కోట గోడ కట్టావు? పడకుండా ఎవురు నడిచారు లోకంలో?" అని నవ్వింది. ఆవిడ నవ్వు న్యాయమైనదే. ఎనభై ఏళ్ళ వాళ్ళని కుర్చీల్లోంచి లేపడానికి జీతం తీసుకున్న మనిషిని నేను. ఇప్పుడు నా బిడ్డ తనంతట తాను లేస్తుంటే, లేవకుండా ఉంటే బాగుండునని మొక్కుకుంటున్నాను.

ఇవాళ పొద్దున పాపకి టీకా వేయించడానికి ఆసుపత్రికి వెళ్తే, నాతో పనిచేసిన ఆయా కనిపించింది. ఒక కబురు చెప్పింది. ఆ కబురు వల్లే ఇది రాస్తున్నాను. అయితే ముందుగానే చెబితే మీకు అందులో విశేషమేమీ కనిపించదు. ఎవరో పోయారు, ఎవరో లేచి నిలబడ్డారు, అంతే కదా అనుకుంటారు. అందుకని మొదట్నుంచీ వస్తాను. మీలో ఏ అమ్మాయైనా రేపు చేతిలో డిగ్రీ, మనసులో ఆదర్శం పెట్టుకుని ఇలాంటి చోట చేరితే, ఆదర్శం సంగతేమో గానీ ఇది కాస్త పనికొస్తుంది.

మా వృద్ధాశ్రమం నరసరావుపేట నుంచి రొంపిచెర్ల వెళ్ళే రోడ్డులో, ఊరు దాటగానే ఉండేది. అంతకు ముందు అది పత్తి గోడౌను. ఆ రోడ్డులోనే ఇంకాస్త ముందుకు వెళ్తే శ్మశానం. గోడౌనుని అద్దెకి ఎవరూ తీసుకోకపోవడం వల్లే అది ధర్మసంస్థ అయిందని ఆయా అనేది. పైగా సరిగ్గా మా గేటుకి ఎదురుగానే దింపుడు కళ్ళం చోటు. పాడెని అక్కడ దించి, కొడుకు వంగి పోయినవాళ్ళ చెవిలో మూడుసార్లు పిలిచేవాడు, ప్రాణం ఏ మూలనైనా ఉంటే లేస్తారని. రోడ్డుకి ఈ పక్క వరండాలో నేను బతికున్న వాళ్ళని పిలుస్తుండేదాన్ని. మొదట్లో రెండు వైపులా ఫలితం ఒకటే.

నన్ను ఉద్యోగంలోకి తీసుకున్నది ఛైర్మన్ గారు. జిన్నింగు మిల్లు యజమాని. అప్పటికి డెబ్భై దగ్గర పడుతున్నా తెల్లటి పంచె, మడత నలగని లాల్చీ, అంబాసిడర్ కారు. నా సర్టిఫికెట్లలో ఆయన కంటికి ఆనింది ఎన్‌సిసి ఒక్కటే.

"డ్రిల్లు చేయించడం వచ్చా?"

"వచ్చండీ."

"అయితే వీళ్ళని లైన్లో పెట్టమ్మాయ్. తిండీ బట్టా నేను పెడతన్నా. తిని పడుకుంటన్నారు."

ఆ లైన్లో పెట్టాల్సిన సైన్యంలో సగం మంది మంచం మీంచి బాత్‌రూము దాకా ఆయా భుజం మీద వెళ్ళేవాళ్ళు. వాళ్ళని చూసి డ్రిల్లన్న మాట నేనే మర్చిపోయాను. వారానికొకసారి గవర్నమెంటు ఆసుపత్రి నుంచి స్కూటరు మీద వచ్చే కుర్ర డాక్టరు గారు నాకు అసలు పని నేర్పారు. మందులకంటే లేవడం ముఖ్యమన్నారు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవాలి, మెల్లగా కూర్చోవాలి, మళ్ళీ లేవాలి. "వెనక్కి వాలి లేవబోతే ఎవరూ లేవలేరు. ముందుకి వంగమనండి. ముక్కు మోకాలు దాటితే నడుం దానంతటదే లేస్తుంది" అన్నారు. ఈ ఒక్క మాటా వేదంలా పట్టుకుని, కల్యాణ మండపం వాళ్ళు వదిలేసిన ఇనప కుర్చీలు వరండాలో వేయించి, మర్నాడు పొద్దున్నే మొదలుపెట్టాను.

"మామ్మా, లేచి కూర్చోండి. మళ్ళీ లేవండి."

అందరిలోకీ నోరున్న ఆవిడ మాచర్ల మామ్మ. మాచర్ల దగ్గర క్వారీలో రాళ్ళు కొట్టి బతికిన మనిషి. నా వంక ఎగాదిగా చూసింది.

"గుంజీలు తీయిస్తన్నావా? ఏం తప్పు చేశా తల్లీ?"

"గుంజీలు కాదు మామ్మా, కాళ్ళకి బలం."

"బలం దేనికే? నాకు మళ్ళా పెళ్ళి చేస్తావా?"

వరండా అంతా నవ్వింది. నవ్వడం అయ్యాక ఎవరి మంచం మీదకి వాళ్ళు చేరారు. ఇంకొకావిడ వెళ్తూ వెళ్తూ, "పనుంటే లేస్తారు గానీ ఊరికే లేవడమేందమ్మా, పిచ్చోళ్ళలాగా" అంది. దానికి మా కాలేజీ పుస్తకాల్లో సమాధానం లేదు. పదిరోజులు బతిమాలాను, బుజ్జగించాను. ఒకసారి ఏడ్చాను కూడా. ఏడ్చినప్పుడు మాత్రం మాచర్ల మామ్మ జాలిపడి ఒకసారి లేచింది.

ఆ పదో రోజునే గేటు తెరుచుకుని ఛైర్మన్ గారి కారు లోపలికి వచ్చింది. నేను తల తిప్పి చూసేసరికి వరండాలో అందరూ లేచి నిలబడి ఉన్నారు. ఆయా భుజం లేకుండా బాత్‌రూముకి వెళ్ళలేని మాచర్ల మామ్మ కూడా, చేతులు ఆనించకుండా, ముక్కు మోకాలు దాటేలా వంగి మరీ లేచింది. డాక్టరు గారు బొమ్మ గీసి చూపించినా అంత బాగా ఉండదు. ఛైర్మన్ గారు "కూర్చోండి, కూర్చోండి" అంటూ లోపలికి వెళ్ళారు. కూర్చున్నారు. ఆయన బయటికి వచ్చారు. మళ్ళీ లేచారు.

మా వైపు ఇది నేర్పక్కర్లేని చదువు. పెద్దమనిషి వస్తే కూర్చోకూడదు. కాళ్ళు మరిచిపోయినా ఒళ్ళు మరిచిపోదు.

ఆ సంగతి చెబితే డాక్టరు గారు స్కూటరు మీద కూర్చునే పకపకా నవ్వారు. "ఇంకేం, మీ వ్యాయామ పరికరం అంబాసిడర్లో వస్తోంది. రోజూ తెప్పించండి" అన్నారు. తెప్పించాను. "మీరొస్తే వాళ్ళకి ధైర్యంగా ఉంటుందండీ" అన్నాను. అబద్ధం కాదు, అలాగని నిజమూ కాదు. ఛైర్మన్ గారు రోజూ రావడం మొదలుపెట్టారు, తర్వాత రెండు పూటలా. కారెక్కబోతుంటే నేను "సార్, ఒక్క మాట" అనేదాన్ని. ఆయన వరండా ఎక్కేవారు, అందరూ లేచేవారు. మాట అయ్యాక దిగేవారు, అందరూ లేచేవారు. తనంటే ఇంత భక్తి ఉందని ఇన్నాళ్ళూ తెలియలేదని ఆయన కళ్ళు చెమర్చడం నేను చూశాను. నెల తిరిగేసరికి మామ్మలు కుళాయి దాకా వాళ్ళంతట వాళ్ళు వెళ్ళి చెంబులు కడుక్కుంటున్నారు. ఆ ఆశ్రమానికి ఆయన ఇచ్చిన విరాళాలన్నిటిలోకీ విలువైనవి ఆయన రాకపోకలే. ఆ సంగతి ఆయనకి తప్ప అందరికీ తెలుసు.

ఒక్క మనిషి మాత్రం లేచేవాడు కాదు.

వరండా చివర కుర్చీలో కూర్చునే ఫిట్టరు తాత. ముస్లిం పెద్దాయన, చామనఛాయ, గుబురు తెల్లగెడ్డం. భార్య పోయింది, పిల్లలు లేరు. బజారులో ఆయిల్ ఇంజన్లు బాగుచేసుకుంటూ బతికి, ఒకరోజు జారిపడి కుడికాలు పట్టు తప్పాక డాక్టరు గారే తెచ్చి చేర్పించారు. ఆయన చేరిన మర్నాడే ఛైర్మన్ గారు వచ్చారు. అందరూ లేచారు. ఈయన కూర్చున్నాడు. ఛైర్మన్ గారు దగ్గరికొచ్చి ఆగారు.

"ఏం ఫిట్టరూ! నువ్వా? చివరికి నా దగ్గరికే వచ్చావన్నమాట."

"కాలు తెచ్చింది. నేను రాలా."

"బాగున్నావా?"

"కూర్చునున్నా గదా, బాగానే ఉన్నా."

ఛైర్మన్ గారు నవ్వుతూనే వెళ్ళారు గానీ ఆ వెళ్ళడంలో ఏదో ఉంది. కథేమిటో ఆయా చెప్పింది. యవ్వనంలో ఫిట్టరు తాత ఆయన మిల్లులోనే పనిచేసేవాడట. చిన్న యజమాని, అంటే అప్పటి మన ఛైర్మన్ గారు, మిల్లులోకి అడుగుపెడితే కూలీలందరూ లేచి నిలబడాలి. ఒకరోజు అందరూ లేచారు. ఈయన మిషను కింద చేతులు పెట్టి ఉన్నాడు. "లేవవేం?" అని అడిగితే, "నేను లేస్తే మిషను ఆగిద్ది. ఏది కావాలో చెప్పు" అన్నాడట. చిన్న యజమానికి లేవడమే కావాలి. ఆ సాయంత్రమే ఉద్యోగం పోయింది. అప్పుడు లేవని మనిషి, ఇప్పుడు ఆయన కుర్చీలో కూర్చుని, ఆయన అన్నం తింటూ కూడా లేవడం లేదు. ఛైర్మన్ గారు పొమ్మనలేరు. పొమ్మంటే రెండోసారి ఓడినట్టు. ఆయనకి కావలసింది ఒక్కసారి లేవడం.

ఇంతలో ఆయాకి నడుం పట్టేసింది. ఉన్నది ఒక్క ఆయా. ఇక ఎవరినీ ఎత్తి దింపడం తన వల్ల కాదని మంచమెక్కింది. కమిటీ సమావేశమై ఒక తీర్మానం చేసింది. తన కాళ్ళ మీద తాను లేవలేని వాళ్ళని గుంటూరు పంపిస్తారు. అక్కడి పెద్దాసుపత్రికన్నమాట. మా వాళ్ళలో గుంటూరు వెళ్ళి తిరిగొచ్చిన వాళ్ళు లేరు. అందుకే మామ్మలు ఎవరైనా పోతే కూడా "గుంటూరు పోయింది" అనేవాళ్ళు. డాక్టరు గారు వచ్చే వారం అందరినీ పరీక్ష చేయాలని, తన సమక్షంలోనే చేయాలని ఛైర్మన్ గారు కబురు పంపారు.

తన సమక్షంలో! అదే చిక్కు. ఎందుకంటే ఫిట్టరు తాత లేవగలడు. నాకు తెలుసు. కారు వెళ్ళిపోయాక, అందరూ లోపలికి పోయాక, వంటగది వెనక గోడకేసి తిరిగి కూర్చుని ఆయన లేచేవాడు, కూర్చునేవాడు. నేను చెప్పిన మాట ఒక్కటీ విననట్టే ఉండి, గోడ దగ్గర అన్నీ చేసేవాడు. నేను చూశానని తెలిస్తే మానేస్తాడేమోనని చూడనట్టు తిరిగేదాన్ని.

"తాతా, ఆ ఒక్క రోజూ లేవండి. ఒక్కసారి."

"లేస్తా. ఆయన లేనప్పుడు."

"ఆయన ఉంటారు కదా తాతా."

"ఐతే గుంటూరు చూసొస్తాలే బిడ్డా. చానా కాలమైంది పోయి."

"తిరిగి రావడం ఉండదు తాతా!"

"ఇప్పుడు నేనేమన్నా రోజూ పోయి వస్తన్నానా ఏంది?"

భయమేసింది. నేను పుట్టు భయస్తురాలిని. అయినా ధైర్యం చేసి ఛైర్మన్ గారి దగ్గరికి కూడా వెళ్ళాను. పరీక్ష జరిగేటప్పుడు కాసేపు ఆఫీసు గదిలో కూర్చోమని అడిగాను.

"నా ఆశ్రమంలో నేనుండకూడదా అమ్మాయ్?"

"అది కాదండీ. ఫిట్టరు తాత మీ ఎదురుగా..."

"లేవడు. తెలుసు. ఒక్కసారి లేవమను. లేచాడా, కాలు తిన్నగున్నా వంకరున్నా నేనే ఉంచుతా. చచ్చేదాకా చూసుకుంటా." తర్వాత కాస్త మెత్తబడి అన్నారు. "వాణ్ణి పంపాలని నాకేం సరదా కాదమ్మాయ్. చూడాలని ఉంది, అంతే."

ఇద్దరూ మంచివాళ్ళే. ఇద్దరికీ కావలసింది చిన్న విషయమే. దాని మధ్యలో ఒక మనిషి ప్రాణం ఉంది, దానికి నేను జవాబుదారీ.

పరీక్ష రోజు వచ్చింది. వరండాలో ఇనప కుర్చీల్లో మావాళ్ళు. ఎదురుగా, వాళ్ళందరినీ చూసేలా, ఛైర్మన్ గారి పడక్కుర్చీ. ఆ కుర్చీ సంగతి ఒకటి చెప్పాలి. గుడ్డ బాగా సాగిపోయి లోతుగా ఉండేది. ఆయన అందులోంచి లేవాలంటే డ్రైవరు వచ్చి రెండు చేతులూ పట్టుకుని లాగేవాడు. యజమాని చేతులు పట్టుకుని లేపడం కూడా ఒక మర్యాదేనని నేను చాలా రోజులు అనుకున్నాను.

ఒక్కొక్కరే లేచారు. ఎదురుగా ఛైర్మన్ గారే ఉన్నారు కనుక లేవకపోవడమే కష్టం. మాచర్ల మామ్మ లేచి, "ఇంకోసారి లేవనా బాబూ? ఉత్తపుణ్యానికే" అని డాక్టరు గారిని అడిగింది. చివరికి ఫిట్టరు తాత వంతు.

"లేవండి తాతగారూ."

తాత కదలలేదు.

"లేవగలరా?"

"లేవగలను."

"అయితే లేవండి."

"లేవను."

డాక్టరు గారు నా వంక చూశారు. ఛైర్మన్ గారు పడక్కుర్చీలో వెనక్కి వాలి, చేతులు పొట్ట మీద పెట్టుకుని, ఎంతకాలమైనా ఎదురుచూడగలిగిన వాడిలా ఉన్నారు. "లేవలేనివాడికీ లేవనివాడికీ తేడా ఎట్టా తెలిసిద్ది డాక్టరు గారూ?" అన్నారు నెమ్మదిగా. "రాసుకోండి మరి."

డాక్టరు గారు కలం తీశారు.

నాకు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు. వంటగది వెనక గోడకేసి తిరిగిన ఆ వీపు కళ్ళ ముందు మెదిలింది. "ఒక్క నిమిషమండీ" అన్నాను. తాత దగ్గరికి వెళ్ళి వంగాను.

"తాతా, కుర్చీ తిప్పమంటారా?"

ఆయన నా మొహంలోకి చూశాడు. అర్థమవడానికి ఎంతో సేపు పట్టలేదు. గడ్డం కింద ఏదో కదిలింది.

"తిప్పు."

నడుం కాస్త సర్దుకుని పనిలోకి వచ్చిన ఆయా, నేను కలిసి మనిషితో సహా కుర్చీని తిప్పాం. ఇప్పుడు ఆయన మొహం గేటు వైపు, వీపు ఛైర్మన్ గారి వైపు. తాత పాదాలు వెనక్కి లాక్కున్నాడు. ముందుకి వంగాడు. ముక్కు మోకాలు దాటింది. లేచాడు.

అక్కడితో ఆగలేదు. కర్ర తీసుకుని వరండా మెట్టు దిగి, వెనక్కి తిరిగి చూడకుండా, గేటు దాటి, రోడ్డు దాటి, ఎదురుగా టీ బంకు దగ్గరికి వెళ్ళి బల్ల మీద కూర్చున్నాడు. మనిషి వస్తే లేవడం మర్యాద. మనిషి ఉండగా లేచి వెళ్ళిపోవడం అవమానం. లేవడం మాత్రం రెండింటికీ ఒకటే. డాక్టరు గారికి కావలసింది అదొక్కటే.

"లేచారు. నడిచారు కూడా" అని రాసుకున్నారు.

"నాకు వీపు చూపించి పోయాడు!" అన్నారు ఛైర్మన్ గారు.

"మొహం ఎటుండాలో తీర్మానంలో లేదండీ."

ఛైర్మన్ గారు కోపంగా పడక్కుర్చీ చేతుల మీద బరువు వేసి లేవబోయారు. గుడ్డ ఇంకాస్త లోపలికి దిగింది. మళ్ళీ లేవబోయారు. వెనక్కి వాలి లేవబోతే ఎవరూ లేవలేరు.

"డ్రైవరేడీ?"

"టీ తాగను పోయాడండీ" అంది ఆయా, రోడ్డుకి అవతల బల్ల మీద ఫిట్టరు తాత పక్కన కూర్చున్న డ్రైవరుని చూపిస్తూ.

ఛైర్మన్ గారు లేవబోతున్నారని చూసి, అలవాటు కొద్దీ, మామ్మలూ తాతలూ అందరూ లేచి నిలబడ్డారు. ఆ వరండాలో కూర్చుని ఉన్నది ఆయన ఒక్కరే.

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. డాక్టరు గారూ నేనూ చెరో చెయ్యీ పట్టుకుని లేపాం. "రేపట్నుంచి మీరు కూడా ఇనప కుర్చీ వాడండి. రోజూ కాసేపు లేచి కూర్చోవాలి" అన్నారు డాక్టరు గారు, చాలా మెల్లగా.

"నాకేం? నేను బాగానే ఉన్నా."

"మేమూ మొదట్లో అట్టనే అన్నాంలే బాబూ" అంది మాచర్ల మామ్మ ఓదార్పుగా.

ఆయన కారు వెళ్ళిపోయినా ఫిట్టరు తాత తిరిగి రాలేదు. వెళ్ళి చూస్తే ఖాళీ గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు. పోవడానికి ఉన్న బలం రావడానికి లేదు. రోడ్డు దాటడానికి రిక్షా పిలిచాను. రిక్షావాడు నవ్వుతుంటే, "ఎందుకురా నవ్వుతావు? పెళ్ళికి పోయినోడు ఎట్టా పోయినా, వచ్చేటప్పుడు బండి మీదే వస్తాడు" అన్నాడు తాత.

అక్కడితో కథ అయిపోయి ఉంటే నాకు విజయమే. తాత గుంటూరు వెళ్ళనక్కర్లేదు. కానీ ఛైర్మన్ గారు రావడం మానేశారు. బదులుగా ఆయన కొడుకు వచ్చేవాడు. చదువుకున్నవాడు, ఎంతో మర్యాదస్తుడు. మొదటి రోజే అందరూ లేస్తే నొచ్చుకుని, "అయ్యో, పెద్దవాళ్ళు, నన్ను చూసి లేవకండి. నాకు పాపం చుట్టుకుంటుంది" అని చేతులు జోడించాడు. మావాళ్ళు ఆనందంగా కూర్చున్నారు. అంత మంచివాడి వల్ల ఎంత నష్టమో నాకొక్కదానికే తెలుసు. నెలలోపే చెంబులు మళ్ళీ ఆయా కడగడం మొదలైంది. గత్యంతరం లేక పోస్టుమాన్ వస్తే లేవమన్నాను. లేచారు. అంతమంది ముసలివాళ్ళు తనని చూసి లేవడం చూసి అతను బెదిరిపోయి, మర్నాటి నుంచి ఉత్తరాలు గోడ మీంచి లోపలికి విసిరేసి పోయేవాడు.

మళ్ళీ తీర్మానం, మళ్ళీ పరీక్ష వస్తే ఏం చేయాలా అని నేను బెంగపెట్టుకున్న రోజుల్లో, ఒక ఉదయం ఛైర్మన్ గారు గేట్లోంచి నడిచి వచ్చారు. కారు రోడ్డు మీద వదిలేశారట, డాక్టరు గారు నడవమన్నారని. అందరూ లేచారు, ఒక్కరు తప్ప. ఆయన పడక్కుర్చీ వైపు చూడకుండా నేరుగా వరండా చివరికి వెళ్ళి, ఫిట్టరు తాత పక్కనున్న ఖాళీ ఇనప కుర్చీలో కూర్చున్నారు. ఇద్దరూ చాలాసేపు రోడ్డు చూశారు. తర్వాత ఛైర్మన్ గారు లేవబోయి, సగంలో ఆగి, కూలబడ్డారు. నేను పరిగెత్తబోయాను.

"వెనక్కి పోతన్నావు" అన్నాడు తాత, ఆయన వైపు చూడకుండా. "ముందుకి వంగు. ముక్కు మోకాలు దాటాల." నేను రోజూ అరిచిన మాట. ఎన్నడూ విననట్టుండే మనిషి అక్షరం పొల్లు పోకుండా అప్పజెప్పాడు.

ఛైర్మన్ గారు వంగారు. లేచారు. నిలబడి కిందికి చూశారు.

"ఇప్పుడు నువ్వు లే."

"నువ్వు నిలబడుంటే నేను లేవడమా? కుదరదు."

"కూర్చుంటా. లే."

"నువ్వు కూర్చోనుంటే నీ ముందు నేను నిలబడాల్నా? అసలు కుదరదు."

ఛైర్మన్ గారు వ్యాపారస్తుడు కదా, బేరం ఎక్కడ తెగుతుందో తెలుసు. "అయితే ఇద్దరం ఒకేసారి లేద్దాం. అమ్మాయ్, నీ ఎన్‌సిసి ఎందుకు? లెక్క పెట్టు."

పెట్టాను. వన్, టూ, త్రీ. ఇద్దరూ లేచారు.

"నువ్వే ముందు లేచావు" అన్నాడు తాత వెంటనే. ముందు లేచినవాడే రెండోవాడికి మర్యాద చేసినట్టు.

"నేను కాదు. నువ్వే."

"మామ్మా, నువ్వు చెప్పు, ఎవరు ముందు?"

"నాకు కనపళ్ళా. మళ్ళా లేవండి, చూసి చెప్తా" అంది మాచర్ల మామ్మ.

మళ్ళీ లేచారు. మళ్ళీ తగాదా. ఆ రోజు తేలలేదు. మర్నాడు తేల్చుకోవడానికి వచ్చారు. నేను ఉద్యోగంలో ఉన్నంత కాలం తేలనే లేదు. చూడటానికి అందరూ కుర్చీలు దగ్గరికి జరుపుకునేవాళ్ళు, న్యాయం చెప్పడానికి లేచేవాళ్ళు, చెప్పి కూర్చునేవాళ్ళు. డాక్టరు గారు ఒకసారి వచ్చి చూసి, వాళ్ళకి తీర్పు మాత్రం చెప్పొద్దని నన్ను హెచ్చరించి వెళ్ళారు. ఈ వ్యాయామం ఏ పుస్తకంలోనూ లేదు. ఉంటే దానికి రెండు పాత కోపాలు కావాలని మొదటి పేజీలోనే రాసి ఉండేవాళ్ళు.

ఇదిగో, ఇప్పుడు ఆయా చెప్పిన కబురు. టీకా క్యూలో పాపని తన చేతుల్లోకి తీసుకుని ముద్దాడి, "పెద్దాయన పోయాడమ్మా మొన్న" అంది. ఛైర్మన్ గారు. పాడె మా రోడ్డునే వచ్చిందట, వేరే దారి లేదు కదా. అందరూ వరండాలో లేచి నిలబడ్డారట. ఫిట్టరు తాత ఒక్కడు తన కుర్చీలోనే కూర్చున్నాడు. సరిగ్గా గేటుకి ఎదురుగా పాడె దించారు. కొడుకు వంగి తండ్రి చెవిలో పిలిచాడు. ఒకసారి. రెండోసారి. తాత కళ్ళార్పకుండా పాడె వైపే చూస్తున్నాడట.

"మూడోసారి కూడా పిలిచాడమ్మా. లేవలా. అప్పుడు మన తాత ముందుకి వంగి, ఎవుర్నీ పట్టుకోకుండా లేచాడు. లేచి, నాతో కాదు, మామ్మతో కాదు, ఆ పాడె వంక చూసి అన్నాడు."

"ఏమన్నాడు?"

"ఈసారి నేనే ముందు లేచాలే, అన్నాడమ్మా."